వాట్‌గంజ్ రేవునుండి సురినామ్ వరిమళ్లకు

కలకత్తా నగరమునకు నైరృతిదిశగా, టాలీనాలా యనబడు ఆదిగంగ పాయ హుగ్లీనదిలో కలియు చోటునకు దిగువను, ఖిదిర్‌పూర్ రేవుల నానుకొని వాట్‌గంజ్ అను పేట యొకటి కలదు. ఈనాడు అచ్చట వరిమడి గాని, కాయగూరల పాదు గాని కానరాదు. ఎటు చూచినను గిడ్డంగుల గోడలు, ఓడల మరమ్మతు కార్ఖానాలు, సరకు లారీల బారులు, వాని నడుమ ఇరుకు సందులలో నొదిగియున్న ఇండ్లు మాత్రమే. ఒక దేశపు వ్యవసాయమును గూర్చి వ్రాయదలచినవాడు ఇట్టి రేవుపేటనుండి ఆరంభించుట మొదట వింతగా తోపవచ్చును. అయినను, దక్షిణ అమెరికా ఖండమందలి స్వతంత్రదేశములలో వైశాల్యముచేతను జనసంఖ్యచేతను మిక్కిలి చిన్నదైన సురినామ్ నందు ప్రజలు దినదినము తినుచున్న అన్నమునకును, వారి అంగళ్లలో రాశులుగా పోయబడు కాయగూరలకును గల చరిత్రము చాలవరకు ఈ పేట ఒడ్డున ఓడ యెక్కిన కర్షకులతో ముడిపడియున్నది.

పేటకు తన పేరు నిచ్చిపోయినవాడు కర్నల్ హెన్రీ వాట్సన్ అను ఇంజనీరు. ఇతడు ఈస్టిండియా కంపెనీ కొలువున వంగదేశమునందు ప్రధాన ఇంజనీరుగా నుండెను. 1780 ఆగస్టు 17వ తేదీన ఆలీపూరు చెంత వారెన్ హేస్టింగ్సునకును ఫిలిప్ ఫ్రాన్సిసునకును జరిగిన ద్వంద్వయుద్ధమున ఫ్రాన్సిసు పక్షమున తోడు నిలిచినవాడు ఇతడే. ఓడలను కట్టుటకు ఈ ఒడ్డున రేవు నొకదానిని తలపెట్టి, 1781లో ‘నాన్‌సచ్’ అను యుద్ధనౌకను నీటికి దింపెను గాని, తన సొమ్మెల్ల ధారపోసియు సంకల్పించిన పనిని కడముట్టింపలేకపోయెను. తరువాత ఆ కార్ఖానా కిడ్ సోదరుల చేతికి వచ్చినది. 1818లో 74 ఫిరంగుల ‘హేస్టింగ్సు’ నౌక అక్కడనే తయారయ్యెను. 1892లో ఖిదిర్‌పూర్ రేవులు తెరువబడిన పిమ్మట ఈ పేట పూర్తిగా ఓడల పేటయే అయినది. ఇంతవరకు చెప్పినది దొరల చరిత్ర. ఊరి పేర్లలోను శిలాఫలకములలోను అది భద్రముగనే యున్నది.

నది కావలియొడ్డున, కొంచెము దిగువగా, శిబ్‌పూర్ నందు 1787లో కర్నల్ రాబర్ట్ కిడ్ స్థాపించిన వృక్షోద్యానము కలదు. తెలుగువారు ఈ తోటను ప్రత్యేకముగా తలచుకొనవలసిన కారణ మొకటి యున్నది. 1793లో దీని యాధిపత్యమును స్వీకరించిన విలియం రాక్స్‌బరో అంతకు పూర్వము పండ్రెండేండ్లపాటు గోదావరి మండలమున సామర్లకోటలో నివసించినవాడు. అక్కడ మిరియము, కాఫీ మొదలగు మొక్కలను పెంచి పరిశీలించినవాడు. మన రైతులు చెఱకు నాటి, ఆడించి, బెల్లము వండు పద్ధతిని పొలముగట్టుమీద నిలిచి చూచి, సవిస్తరముగా వ్రాసిపెట్టినవాడు. కోరమండల తీరపు మొక్కలను గూర్చి ఆయన ప్రకటించిన మూడు సంపుటములలో మున్నూరు చిత్రములున్నవి. వానిని గీసినవారు ఈ దేశపు చిత్రకారులే. మొక్క లాటిన్ నామముతో పాటు మన పల్లెలలో దానిని పిలుచు తెలుగు పేరును గూడ ఆయన తన గ్రంథములయందు పొందుపరచెను. ఈ విధముగా మన నేలపై మొలచిన మొక్కకు శాస్త్రగ్రంథమున గౌరవస్థానము లభించినది. ఆ మొక్కను నాటుట, నీరు కట్టుట, విత్తనము దాచుట ఎరిగిన మనుష్యునకు మాత్రము నది కీవలియొడ్డున వేఱొక గతి పట్టినది.

1833వ సంవత్సరపు శాసనముచేత బ్రిటిషు వలసలలో బానిసత్వము రద్దయి, 1834 ఆగస్టు 1వ తేదీనుండి అమలులోనికి రాగా, చెఱకుతోటల యజమానులు చౌకయైన కూలి కొఱకు తూర్పుదేశములవంక చూపు మరల్చిరి. ఆ సంవత్సరము నవంబరు 2వ తేదీననే కలకత్తానుండి ‘అట్లాస్’ అను ఓడ ముప్పదియారుగురు కూలీలతో మారిషసు చేరెను. 1838 జనవరిలో ‘విట్బీ’, ‘హెస్పరస్’ అను రెండు ఓడలు బ్రిటిషు గయానాకును, 1845లో ‘ఫతేల్ రజాక్’ ట్రినిడాడునకును, 1879లో ‘లియోనిడాస్’ ఫిజీకిని ఈ నదిమీదుగనే వెడలినవి. వాట్‌గంజ్, ఖిదిర్‌పూర్, గార్డెన్ రీచ్, భవానీపురము మొదలగు తావులలో కూలీల డిపోలు వెలసినవి. ఒక్కొక్క వలసకు ఒక్కొక్క డిపో యుండుట వలన, ఆయా దేశముల పేర్లే ఒడ్డునందలి ఘాట్లకు నిలిచిపోయినవి. వానిలో సురినామ్ ఘాట్ ఒకటి.

డిపోకు చేరు విధము అందరికి నొక్కటియే. కరవుచేతనో, అప్పుచేతనో, ఇంటి కలహముచేతనో ఊరు విడిచివచ్చిన రైతును సంతలోనో, రైలు స్టేషనులోనో, తీర్థయాత్రా స్థలముననో అర్కాటీ యను దళారి పట్టుకొని, సులువైన పనియని, మంచి జీతమని నమ్మబలికి, జిల్లా మేజిస్ట్రేటు నెదుట నిలువబెట్టి, రైలెక్కించి కలకత్తా పంపెడివాడు. డిపోలో వైద్యుడు పరీక్షించును. గుమాస్తా పత్రము నింపును. మెడలో రేకుబిళ్ల వ్రేలాడును. ఆ వలస పత్రములు నేటికిని వేలకొలదిగా భద్రపరుపబడియున్నవి. పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, ఠాణా, గ్రామము, ఎత్తు, ఒంటిమీది పుట్టుమచ్చ లేక గాయపు గుర్తు, ఇవన్నియు వానియందు కలవు. ఏ పంట పండింపగలడో, ఎద్దును కట్టగలడో లేదో, నారు పోయుట తెలియునో తెలియదో తెల్పు గడి మాత్రము వానిలో నెచ్చటను లేదు. తోటల యజమానులకు కావలసినది గొడ్డలి పట్టు చేయి, కత్తి యాడించు భుజము. ఆ చేతివెనుక తరతరములుగా పేరుకొనిన కృషిజ్ఞానము వారి లెక్కలోనికి రాలేదు. ఈ చరిత్రమంతటిలో నాకు మిక్కిలి బాధ కలిగించు విషయ మిదియే.

సురినామ్ ఆనాడు డచ్చివారి వలస. 1667నుండి వారి చేతిలోనున్న ఆ తీరమున చెఱకు, కాఫీ, పత్తి, కోకో తోటలు ఆఫ్రికానుండి తెచ్చిన బానిసల నెత్తుటితో పెరిగినవి. డచ్చివారు బానిసత్వమును 1863 జులై 1వ తేదీన రద్దుచేసిరి గాని, విముక్తులైనవారు మఱి పదియేండ్లపాటు ప్రభుత్వ పర్యవేక్షణమున తోటలలోనే పనిచేయవలెనని నియమించిరి. ఆ గడువు 1873లో తీరనుండగా, కొత్త కూలీలు కావలసివచ్చి, 1870 సెప్టెంబరు 8వ తేదీన హేగు నగరమున బ్రిటిషు ప్రభుత్వముతో ఒడంబడిక చేసికొనిరి. దాని ననుసరించి 1873 ఫిబ్రవరి 26వ తేదీన ‘లల్లారూఖ్’ అను ఓడ కలకత్తా విడిచి, గుడ్‌హోప్ అగ్రమును చుట్టి, జూన్ 5వ తేదీన సురినామ్ ముఖ్యపట్టణమగు పరమారిబో చేరినది. త్రోవలో మరణించినవారు పోగా దిగినవారు 399 మంది. ఆనాటినుండి 1916 వరకు 64 ఓడలలో 34,304 మంది భారతీయులు ఆ దేశమున కాలిడిరి. వారిలో అత్యధికులు బస్తీ, గోండా, ఫైజాబాదు, ఆజంగఢ్, షాహాబాద్ మొదలగు అయోధ్యా బీహారు మండలముల కర్షకులు. నూర్గురు పురుషులకు నలువదిమంది స్త్రీలైనను ఉండవలెనని నియమముండుటచేత స్త్రీలును గణనీయముగా వెళ్లిరి. వారిలో ఒంటరిగా బయలుదేరినవారు కొల్లలు.

ఒప్పందము ఐదేండ్లు. పురుషునకు దినమునకు అరువది సెంట్లు, స్త్రీకి నలువది సెంట్లు కూలి; పొలములో ఏడు గంటలు, ఫ్యాక్టరీలో పది గంటలు పని. పని తప్పినవానికి జుల్మానా లేక చెఱసాల. తొలి ఏండ్లలో మరణములు మితిమీరుటచే బ్రిటిషు ప్రభుత్వమే కొంతకాలము ఓడల నాపివేయవలసివచ్చెను. కమ్మెవేన నదీతీరమందలి మారియన్‌బర్గ్ తోటలో, 1882లో డచ్చి వర్తక సంఘమువారు నెలకొల్పిన చక్కెర ఫ్యాక్టరీ చెంత, 1902 జులై చివరివారమున కూలి విషయమై రేగిన ఆగ్రహమున తోట అధికారి జేమ్స్ మేవర్ చంపబడెను. మరునాడు సైనికులు కాల్పులు జరుపగా, అక్కడికక్కడ కూలినవారును, ఆ గాయములచే తరువాత పోయినవారును కలిసి ఇరువదినలుగురు ప్రాణములు కోల్పోయిరి. వారినందరిని ఒక్క గోతిలో పూడ్చిరి. ఆ గోతి యెక్కడ నున్నదో నేటివరకు నిశ్చయముగా తేలలేదు. చక్కెర చరిత్రమును చెప్పుచు ఈ సంగతిని దాటవేయుట అన్యాయము.

ఇట్లు చెఱకు కొఱకు తేబడినవారు వరిరైతులుగా ఎట్లు మారిరో చూతము. సురినామ్ తీరము సముద్రపు పోటునీటికి మునుగు బంకనేల. డచ్చివారు దానిని గట్లతో చుట్టి, కాలువలు త్రవ్వి, తూములు కట్టి, పాటు సమయమున తలుపు తెరచి మురుగు నీటిని వదలి, పోటు సమయమున మూసి, సేద్యమునకు యోగ్యముగా చేసియుండిరి. మన కోనసీమ లంకలలో మురుగుకాలువల బాధ నెరిగినవారికి ఈ పద్ధతి సులభముగ బోధపడును. తోటలు బాగుగ సాగినన్నాళ్లు ఈ గట్లు, తూములు యజమానుల సొత్తు. కాని పందొమ్మిదవ శతాబ్ది చివర దుంప చక్కెర పోటీవలన చెఱకు ధర పడిపోయినది. 1895 ప్రాంతమున కోకో చెట్లకు కొమ్మలు వికృతముగా గుబురుకట్టి ఎండిపోవు తెగులు సోకి, కొలది ఏండ్లలోనే ఆ పంటను దాదాపు తుడిచిపెట్టినది. దానికి మారుగా తెచ్చిన అరటికి పనామా తెగులు తగిలి ఆ ప్రయత్నమును భగ్నమయ్యెను. యజమానులు ఒకరి వెనుక నొకరు తోటలు విడిచి యూరపునకు మరలిరి, గట్లు తెగినవి, తూములు పూడినవి.

ప్రభుత్వమునకు అప్పుడు రెండు చిక్కులు. ఒకటి, పాడుపడిన తోటలు. రెండవది, ఒప్పందము తీరిన కూలీలను తిరుగు ఓడలో స్వదేశమునకు చేర్చు ఖర్చు. ఈ రెండింటిని ఒక్కసారిగా తీర్చుకొనదలచి, తిరుగు ప్రయాణపు హక్కును వదలుకొనిన వానికి నూరు గిల్డర్ల సొమ్మును, సాగుచేసికొనుటకు కొంత నేలను ఇత్తుమని 1895లో ప్రకటించెను. పాడుతోటలను కొని, చిన్న చిన్న కమతములుగా చీల్చి పంచెను. ఒక్కొక్కటి సుమారు రెండు హెక్టారులు, అనగా మన లెక్కకు ఐదెకరములు. వచ్చినవారిలో మూడింట నొకవంతు స్వదేశమునకు మరలగా, మిగిలిన రెండువంతులు అక్కడనే నిలిచిరి. స్వగ్రామమున ఎకరము భూమికైనను నోచుకొనక, జమీందారుని కాళ్లక్రింద నలిగిన వానికి ఐదెకరముల నేల స్వంతముగా దొరకుట ఎట్టి ప్రలోభమో చెప్పనక్కరలేదు. కాని దానిని కేవలము ప్రభుత్వపు ఔదార్యముగా వర్ణించుట సరికాదు. ఇచ్చిన నేల పెక్కుచోట్ల మురుగుతో నిండినది. దానిని మడిగా మలచినది పుచ్చుకొన్నవాని కష్టమే.

వరి అచ్చటికి భారతీయులతోనే మొదట వచ్చెననుటయు పొరపాటు. తోటలనుండి పారిపోయి అడవులలో స్వతంత్రముగా బ్రతికిన ఆఫ్రికా సంతతివారు, మరూన్లు అనబడువారు, అంతకు చాలపూర్వమే మెట్టవరిని పండించిరి. బానిస స్త్రీలు జుట్టులో వరిగింజలను దాచుకొని తప్పించుకొనివచ్చిరని వారి వంశకథలు చెప్పుచున్నవి. ఆఫ్రికాజాతి వరివంగడ మొకటి వారి తోటలలో ఈ శతాబ్దమునందును శాస్త్రజ్ఞులకు కనబడినది. అడవినడుమ ఆ వరి వారి కడుపు నింపినది. తీరమందలి బంకనేలలో గట్టు పోసి, నీరు నిలిపి, దమ్ము చేసి, నారు ఊడ్చి, దేశమునకంతకు చాలునట్లు పండించు పద్ధతి మాత్రము గంగాతీర కర్షకుల చేతిమీదుగా వేళ్లూనినది. తొలిదినములలో వీరు తినవలసిన బియ్యమే ఓడలమీద దిగుమతి కావలసియుండెను. తోటపని ముగిసిన పిమ్మట మిగిలిన ప్రొద్దులో చిన్నతుండు నేలమీద తమ తిండికై వేసికొన్న వరి క్రమక్రమముగా విస్తరించినది. మొదటి ప్రపంచయుద్ధ కాలమున ఓడల రాకపోకలు కుంటుపడగా స్థానికపు పంటకు గిరాకి హెచ్చినది. 1930 దశకము నాటికి దేశావసరములు తీరి ఎగుమతియు సాగినది. పడమటి కొననున్న నికేరీ మండలము ఆ దేశమునకు ధాన్యాగారమైనది.

ఈ సందర్భమున వేఱొక ప్రయత్నమును గూడ చెప్పవలసియున్నది. లేనిచో ఈ కర్షకులు సాధించినది ఎంతటిదో పూర్తిగా తెలియరాదు. 1845లో డచ్చి ప్రభుత్వము తన దేశపు రైతుకుటుంబములనే కొనివచ్చి సరమక్కా నదీతీరమున కాపురముంచెను. సిద్ధముగానుండవలసిన ఇండ్లు సిద్ధముగా లేవు. నేల చవుడు, మురుగు. విషజ్వరము వ్యాపించి కొలది మాసములలోనే దాదాపు సగముమంది నశించిరి. మిగిలినవారు పరమారిబో శివారులకు తరలివచ్చి, పాడి, కాయగూరలు పెట్టుకొని బ్రతికిరి. వారి సంతతి నేటికిని కలదు. పాడియందును కూరలయందును వారు పూర్వులు. వారికి దక్కవలసిన గౌరవము వారికి దక్కవలెను. 1949లో మరల, యంత్రసేద్యపు సంస్థ యొకటి నెలకొల్పబడి, నికేరీలో వాగనింగెన్ అను పేర విశాలమైన వరిక్షేత్రము చదును చేయబడినది. హాలండునుండి రైతులను తెచ్చి వారికి పంచవలెనని మొదటి సంకల్పము. అది నెరవేరక, తుదకు ఒక పెద్ద యంత్రక్షేత్రముగానే నిలిచినది. ట్రాక్టరులు, విమానములతో విత్తనము చల్లు ఏర్పాట్లు గల ఆ క్షేత్రము ప్రక్కనే, కొలది ఎకరముల కమతములలో, ఇంటిల్లిపాది నాటి కోసిన భారతీయ రైతు వరియు సాగుచునే యుండెను.

వరి మడిలోనిది, గట్టుమీదిది కూర. సురినామ్ వంటయింటిని చూచినచో భారతీయ గృహిణి చేయి ప్రతి కూరలోను కనబడును. గజము పొడుగున వ్రేలాడు బొబ్బర్లు, కాకర, ఆనప, బీర, వంగ, చిక్కుడు, తోటకూర, మినుము, పసుపు, కొత్తిమీర, పచ్చిమిరప, ఇవన్నియు ఇంటిచుట్టుపట్ల పెరుగును. వీనిలో అన్నియు భారతదేశమునుండియే ఓడ నెక్కినవని చెప్పుటకు వీలులేదు. బెండ ఆఫ్రికావారితో ముందే చేరియుండెను. వంగ, తోటకూరలకు పలు త్రోవలు కలవు. పాదు త్రవ్వి, పందిరి వేసి, పేడయెరువు వాడి, ఏడాదిపొడుగున ఒకటి వెనుక నొకటి కాపునకు వచ్చునట్లు కూరలను పెంచు నేర్పు మాత్రము వీరు వెంట కొనిపోయినదే. బంగాళాదుంప, బొబ్బర్లు, కోడికూరలతో తిను రొట్టె అచ్చట సకలజాతులవారికిని ఇష్టభోజనము. 1890నుండి జావాద్వీపమునుండి సుమారు ముప్పదిమూడువేల మంది కూలీలు వచ్చి చేరగా, వారును వరిపంటలో నిపుణులగుటచే, చిన్నకమతపు సేద్యము మఱింత బలపడెను. పరమారిబోలో నదియొడ్డున నున్న పెద్ద మార్కెట్టులో మరూను స్త్రీ తెచ్చిన కర్రపెండలము, జావా స్త్రీ తెచ్చిన ఆకుకూర, హిందుస్థానీ యనబడు భారతీయ సంతతి రైతు తెచ్చిన కాకరకాయ ప్రక్కప్రక్కనే అమ్ముడుపోవును. ఒకరి చేనిని ఒకరు తొక్కక, ఒకరి పంటను ఒకరు తిని బ్రతికిన ఈ సహజీవనము ఏ తోటయజమానియు తలపోసి చేసినది కాదు.

సామాన్యుల చరిత్రములో స్వయముగా వ్రాసినవారు అరుదు. ఆ అరుదైనవారిలో మున్షీ రహమాన్ ఖాన్ ఒకరు. హమీర్‌పూర్ జిల్లాలో 1874లో పుట్టి, బడిపంతులుగా నుండి, అర్కాటీల మాటలు నమ్మి, 1898లో కలకత్తా డిపో చేరి, ఓడ యెక్కి సురినామ్ తోటలో పనిచేసి, ఒప్పందము తీరినపిమ్మట అచ్చటనే నేల సాగుచేసికొని, 1972 వరకు జీవించిన ఈ పుణ్యపురుషుడు ‘జీవన్ ప్రకాశ్’ అను పేర స్వీయచరిత్రను దేవనాగరిలిపిలో వ్రాసిపెట్టెను. ముస్లిము అయియుండి తులసీదాసు రామాయణమును చుట్టుపట్ల హిందువులకు చదివి వినిపించినవాడు. ఇరుమతములవారికిని పెద్దదిక్కుగా నిలిచినవాడు. దొరల నివేదికలలో కూలిదినముల లెక్కలు దొరకును. కూలికి బయట రైతు జీవితమెట్లు సాగెనో తెలియవలెనన్న ఇట్టి గ్రంథములే శరణ్యము. మనవారిలోనుండి ఇట్టి రచన మఱికొన్ని రాకపోవుట తీరని కొరత.

మనవారనగా తెలుగువారు. సురినామ్ ఓడలలో మనవారికి చోటు దాదాపు లేదు. మనకు కోరంగి, విశాఖపట్టణము, చెన్నపట్టణము రేవులు. 1832-33 నాటి నందన కరవు గుంటూరు సీమను ఊళ్లకూళ్లుగా మట్టుపెట్టినది. 1839 నవంబరులో వచ్చిన తుపాను కోరంగిని ముంచివేసినది. ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో పూర్తియగువరకు గోదావరి ప్రక్కనుండియు రైతుకు నీరు చాలక పస్తులే. అట్టి దినములలో 1843లో ‘కోరంగి పాకెట్’ అను ఓడ తెలుగువారిని మారిషసునకు కొనిపోయినది. అక్కడను కథ ఇంచుమించు ఇట్లే నడచినది: మొదట చెఱకుతోటలో బంధము, పిమ్మట పెద్దతోటలు ముక్కలుగా విక్రయింపబడు కాలమున కూడబెట్టిన సొమ్ముతో చిన్న కమతము, ఇంటిప్రక్కన కూరపాదు, ఆవు. సింహాద్రి అప్పన్నకును, అమ్మవారికిని మ్రొక్కులు చెల్లించుచు, రామభజనలు చేయుచు వారు నిలిచిరి. ఉగాది నేడు ఆ ద్వీపమున సర్కారు సెలవుదినము. దక్షిణాఫ్రికాయందలి నాటాలులో 1860 నవంబరు 16న ‘ట్రూరో’ ఓడ చెన్నపట్టణమునుండి దింపినవారిలో తెలుగువారు కలరు. ఒప్పందము తీరిన భారతీయులు డర్బను చుట్టుపట్ల నేలను కౌలుకు పుచ్చుకొని పండించిన కూరలు, పండ్లు ఆ పట్టణమును పోషించిన సంగతిని 1885-87 నాటి వ్రాగ్ విచారణసంఘమే అంగీకరించినది. చెఱకు యజమానుల పేర వెలసిన వలసలు అన్నింటను, ఆ నేలమీది స్థానికాహారమును సృష్టించినవాడు స్వతంత్రుడైన మాజీ కూలియే యనుటకు ఇన్ని సాక్ష్యములు చాలును.

వాట్‌గంజ్ పరిసరములకు తెలుగువారు తరువాతి కాలమున వేఱొక త్రోవను వచ్చిరి. బెంగాల్ నాగపూర్ రైల్వే ప్రధాన కార్యాలయము గార్డెన్ రీచ్ నందు నెలకొనుటయు, వాల్తేరునుండి కలకత్తాకు సాగు తూర్పుతీరపు ఇనుపదారి ఆ కంపెనీ యేలుబడిలోనికి వచ్చుటయు కారణముగా, ఉత్తరాంధ్రపు కుటుంబములు పెక్కు ఉద్యోగార్థము ఈ ప్రాంతమున స్థిరపడినవి. 1955లో ఆ కార్యాలయమే దక్షిణపూర్వ రైల్వేకు కేంద్రమైనది. తమ కార్యాలయమునకు అనతిదూరముననే తమవంటి కర్షకులు మెడలో రేకుబిళ్లతో సముద్రము దాటిరని ఆ కుటుంబములలో ఎందరికి తెలియునో! తెలిసియుండవలసిన విషయము.

పరమారిబోలో తలపాగ చుట్టిన పురుషుడును, ముసుగు వేసిన స్త్రీయు నిలిచియున్న ‘బాబా, మాయీ’ విగ్రహమును 1994లో ప్రతిష్ఠించిరి. దాని ప్రతిరూపము ‘మాయీ-బాప్’ అను పేర సురినామ్ ఘాట్ నందు 2015లో విదేశాంగమంత్రి సుష్మా స్వరాజ్ చేతులమీదుగా ఆవిష్కృతమైనది. అంతకు పూర్వము 2011లో ఖిదిర్‌పూర్ డిపో స్థలమున స్మారకఫలకము నెలకొల్పబడినది. ఆ దంపతుల చేతిమూటలో ఏమున్నదో ఎవరును చెప్పజాలరు; వస్త్రము, పళ్లెము, గ్రంథము, బహుశః గింజలు. ఈ స్మారకముల ముందు నిలుచువారికి వియోగదుఃఖమును గూర్చి చెప్పుట సహజమే. దానితోపాటు వారు సాగుచేసిన మళ్ల విస్తీర్ణమును, వారు పెంచిన వంగడములను, వారు పూడిక తీసిన తూములను గూర్చి గూడ చెప్పవలెనని నా మనవి. దుఃఖమొక్కటే చెప్పినచో వారిని బాధితులుగా మాత్రమే ఎరుగుదుము, నిర్మాతలుగా ఎరుగము.

1975 నవంబరు 25వ తేదీన సురినామ్ స్వతంత్రమైనది. ఆ దినములకు ముందువెనుకలుగా జనాభాలో పెద్దభాగము హాలండునకు తరలిపోయి, హేగు, ఆమ్‌స్టర్‌డాము నగరములలో స్థిరపడినది. వారిలో హిందుస్థానీలు హేగు నగరమున ఎక్కువ. అక్కడి చలినేలలో కాకర కాయదు, గజము పొడుగు బొబ్బర్లు పండవు. అందుచేత పరమారిబో శివారులలో చిన్నరైతులు కోసిన కాకర, బొబ్బర్లు, చేదువంగ, ఆకుకూరలు విమానములలో సముద్రము దాటి, హేగు నగరపు పెద్ద మార్కెట్టులో అమ్మకమునకు వచ్చుచున్నవి. 1870లో కూలీల కొఱకు ఒడంబడిక సంతకమైన నగరమును అదియే.